పాత ఫైలు తెరిచి చూశాను

రద్మిలా ఉడికిన కుడుము కింద దారం పెట్టి, రెండు కొసలూ పైకి తెచ్చి పెనవేసి లాగుతోంది. ఒక్కో లాగుకి ఒక్కో ముక్క తెగి పడుతోంది. కత్తితో కోస్తే లోపలి గాలి పోయి పిండిముద్ద అవుతుందని పెళ్లైన కొత్తలో అత్తగారు చెప్పింది. పదకొండేళ్లు దాటినా, ప్రతి ఆదివారం వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ ఇంకా చెబుతూనే ఉంటుంది.

“సన్నగా కోస్తున్నావు. మా హినెక్‌కి వేలెడు మందం ఉండాలి.”

“అలాగే అత్తయ్యా.”

“పులుసులో మీగడ ఇప్పుడే పొయ్యకు. విరుగుతుంది.”

“పొయ్యను అత్తయ్యా.”

మీగడ పోయడానికి ఇంకా పావుగంట ఉంది. రద్మిలా చేతులు తుడుచుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. మెషీన్ తిరుగుతున్నప్పుడు అక్షరాలు వణుకుతాయి. అందుకని ఆదివారం బట్టలు వేయదు. ఆ ఇంట్లో హినెక్‌కి బల్ల ఉంది, దీపం ఉంది, వెనక్కి వాలే కుర్చీ ఉంది. ఆమెకు మాత్రం లోపల గడియపెట్టుకోగలిగిన తలుపు ఈ గదికి ఒక్కదానికే ఉంది.

లిప్కా అనేది ఒక లినక్స్, అంటే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థల్లో ఒక రకం. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. ఎక్కడెక్కడివాళ్లో రాసి వదిలిన ప్రోగ్రాములను తెచ్చి, ఒకదానితో ఒకటి పేచీ పడకుండా సర్ది, ప్యాకేజీలుగా కట్టి జనానికి అందించే పనిని కొన్ని వందలమంది జీతం లేకుండా చేస్తుంటారు. బ్ర్నో నగరంలో అలాంటివాళ్లు వీధికి ఇద్దరు దొరుకుతారు. లిప్కాలో నలభై మూడు ప్యాకేజీల మీద హినెక్ జ్బోరిల్ అనే పేరు ఉంటుంది. వాటిని ఆరేళ్లుగా కడుతున్నది రద్మిలా.

ఇది ఎలా మొదలైందో చెప్పమంటే ఆమె కూడా సరిగ్గా చెప్పలేదు. పాప అనెష్కా పుట్టకముందు ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పరీక్షలు చేసేది. ఎవరో రాసిన ప్రోగ్రామును ఎలా పాడుచేయవచ్చో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. అందులో ఆమెది అందెవేసిన చెయ్యి అని పేరుండేది. పాపతో సెలవు మూడేళ్లు సాగింది. తిరిగి వెళ్దామనుకునేసరికి, “ఇంత చిన్న పిల్లని వదిలి ఎవరికోసం సంపాదిస్తావు?” అంది అత్తగారు. “ఇంట్లో ఉండే నా ప్యాకేజీలకి ఒక చెయ్యి వెయ్యి. తుప్పు పట్టకుండా ఉంటావు,” అన్నాడు హినెక్. మొదట ఒకటి కట్టింది, తర్వాత నాలుగు. లిప్కాలో కొత్తవాళ్లు చేరాలంటే మూణ్ణెల్ల పరిశీలన ఉంటుంది, ఎవరో పెద్దలు పూచీ ఉండాలి, డిజిటల్ సంతకం తీసుకోవాలి. “రెండు పేర్లెందుకు? నా సంతకం ఉందిగా, వాడుకో,” అన్నాడు. ఆ మాట ఆ రోజు ప్రేమగానే వినిపించింది. సంతకానికి అడిగే పాస్‌వర్డ్ చాలా పొడుగు. తర్వాత్తర్వాత ఎప్పుడైనా హినెక్ అది కొట్టవలసి వస్తే రెండుసార్లు తప్పు కొట్టి, “రద్కా, ఒకసారి ఇలా రా,” అని పిలిచేవాడు.

ఆ ఆదివారం ఆమె కడుతున్నది త్రుహ్లా అనే ప్రోగ్రాము. త్రుహ్లా అంటే వాళ్ల భాషలో భోషాణం. పాత ఫోటోలు, కాగితాలు, వాటి కింద రాసుకున్న వివరాలు అందులో దాచుకుంటారు. దానిలో ఏదో భద్రతా లోపం బయటపడింది, రాసేవాళ్లు ఆ ఉదయమే సవరించి వదిలారు. వాళ్లు ఎప్పుడూ రెండు వరసల్లో వదులుతారు. బాగా వాడి చూసి, ఇక దీన్ని కదిలించం అన్నది స్టేబుల్. ఇంకా చేతులు పెడుతున్నది, రేపు రూపు మారేది డెవలప్‌మెంట్. ఊరిన క్యాబేజీకీ నిన్న ఉప్పు చల్లిన క్యాబేజీకీ ఉన్నంత తేడా. పైకి రెండు జాడీలూ ఒకలాగే ఉంటాయి. అందుకే అంకెలతో గుర్తు పెడతారు. మధ్య అంకె సరిసంఖ్య అయితే స్టేబుల్, బేసిసంఖ్య అయితే డెవలప్‌మెంట్. లిప్కా స్టేబుల్ వాడే ఇళ్లకు బేసి అంకె పోకూడదు. ఇది అక్కడ బడికి వెళ్లే పిల్లకి ఎర్రదీపం తెలిసినంతగా అందరికీ తెలుసు.

ఆ రోజు రెండు వరసల్లోనూ విడుదలలు ఉన్నాయి. కింద 4.6.8, పైన 4.7.3. ఆమె పైనున్నది తీసుకుంది.

ప్యాకేజీ కట్టడం అయింది. భర్త సంతకం వేసింది. మామూలుగా అది వారం రోజులు వేచి ఉండాలి. భద్రతా సవరణ అయితే ఆగనక్కర్లేదు, కట్టినవాళ్లు కాక ఇంకొకరు పరీక్షించి సరే అంటే చాలు. రెండు జతల కళ్లు చూడాలన్నది నియమం. ఆ ఇంట్లో రెండు జతలూ ఆమెవే. భర్త పేరుతో కట్టేది. తన పేరుతో లోపలికొచ్చి పరీక్షించేది. లిప్కా మొత్తంలో రద్మిలా జ్బోరిలోవా అన్న పేరు కనిపించే చోటు ఆ పరీక్షల వరస ఒక్కటే. పరీక్ష అంటే పాత ఫైలు ఒకటి కొత్త వెర్షన్‌లో తెరవాలి, రెండు మాటలు మార్చాలి, మూసి మళ్లీ తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. పన్నెండు నిమిషాల పని.

“ఏమ్మాయ్, పులుసు అడుగంటుతోంది,” అని అత్తగారు తలుపు కొట్టింది.

రద్మిలా తన పేరుతో లోపలికి వెళ్లి, “పాత ఫైలు తెరిచి చూశాను. బాగుంది,” అని రాసి, లాప్‌టాప్ మూసి, వెళ్లి మీగడ పోసింది.

మంగళవారం నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. డెవలప్‌మెంట్ వరసలో త్రుహ్లా తన దాచుకునే పద్ధతినే మారుస్తోంది. ఆ మార్పు ఇంకా సగంలోనే ఉంది. పాత ఫైలు తెరవగానే దాన్ని కొత్త పద్ధతిలోకి తిరగరాస్తుంది, ఫోటోలను ఉంచి కింద రాసిన వివరాలను జారవిడుస్తుంది. బుధవారానికి హినెక్ పేరుతో ఆమే ప్యాకేజీని వెనక్కి తీసేసి 4.6.8 పెట్టింది. చాలామంది దగ్గర నకళ్లు ఉన్నాయి, తిట్టి సర్దుకున్నారు. యావోర్నా అనే ఊరి నుంచి వచ్చిన ఫిర్యాదు మాత్రం తిట్టులా లేదు, ఉత్తరంలా ఉంది.

రాసినావిడ పేరు ద్రహొస్లావా మతుల్కోవా. రిటైరైన టీచరు, ఊరి కైఫియతు, అంటే ఊరి చరిత్ర, రాస్తుంది. ఆ దేశంలో ప్రతి ఊరికీ ఒక కైఫియతు ఉండాలి, రాయడానికి ఒక మనిషి ఉండాలి. పద్నాలుగు నెలలుగా ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల ఫోటోల్లో ఎవరెవరున్నారో అడిగి త్రుహ్లాలో రాసుకుందట. ఇప్పుడు ఫోటోలున్నాయి, రాసినవి లేవు. “స్టేబుల్ అని ఉంటే భయం లేదని మా మేనల్లుడు చెప్పాడు,” అని రాసింది. “ఆ మాట చూసే పెట్టుకున్నాను. మీ మనిషి పాత ఫైలు తెరిచి చూశానని కూడా రాశారు, అదీ చదివాను. నేను ఏదైనా తప్పు నొక్కి ఉంటే దయచేసి చెప్పండి, నాకు వయసైపోయింది.”

రద్మిలా ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. కూర తరుగుతున్నా అదే, పాప జడ వేస్తున్నా అదే. అంకె తప్పు చూడటం అలసట. దాన్ని ఎవరైనా క్షమిస్తారు, తనను తాను కూడా క్షమించుకోగలదు. ఎన్ని ఆదివారాలు ఎన్ని పనుల మధ్య ఎన్ని అంకెలు సరిగ్గా చూసిందో ఆమెకు తెలుసు. కాని పరీక్ష కింద తను రాసిన వాక్యం అలసట కాదు. తెరవని ఫైలు తెరిచానని రాసింది. ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఎక్కడైనా ఆమె చెయ్యి ఆగగలిగేది, ఆగలేదు. పైగా అదే మొదటిసారి కూడా కాదు. మొదట్లో నిజంగా తెరిచి చూసేది. తర్వాత, కట్టిందీ నేనే కదా, నాకు తెలియదా అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది. భర్త పేరు మీద ఆరేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన మనిషి, తన పేరు ఉన్న ఒక్క చోట అబద్ధం రాసింది. తన పేరంటే తనకే అంత చులకన ఎప్పుడైంది? ఎవరో చులకన చేశారని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే మతుల్కోవా గారి పద్నాలుగు నెలలు తిరిగి రావు.

గురువారం సాయంత్రం హినెక్ అందరికీ జవాబు రాశాడు. రాసి, వంటింట్లోకి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“మొత్తం నా మీద వేసుకున్నాను. నువ్వేం దిగులు పెట్టుకోకు.”

ఆమె చదివింది. “తప్పు పూర్తిగా నాదే. పరీక్ష చేసిన మా ఆవిడని ఏమీ అనకండి. భోజనాల వేళ ఆమెను తొందరపెట్టింది నేనే, నా మీద నమ్మకంతో సరే అంది,” అని ఉంది. కింద మెప్పులు వచ్చి పడుతున్నాయి. ఇలా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారని ఒకరు, ఇలాంటి మనిషే మండలిలో ఉండాలని ఇంకొకరు. లిప్కాను నడిపే ఐదుగురి మండలికి ఎన్నికలు వచ్చే సోమవారం మొదలవుతాయి, హినెక్ నిలబడ్డాడు. ఒకాయన మాత్రం, “ఇంటావిడ చేత పరీక్ష చేయిస్తే అంతే మరి. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగాలి, ప్యాకేజీ సరిపోయిందా అని కాదు,” అని రాశాడు. దానికి హినెక్ ఒక నవ్వుబొమ్మ పెట్టాడు.

“ఆ నవ్వెందుకు పెట్టావు?”

“వాడితో తగువెందుకు? సరదాకన్నాడు.”

“నేను పదేళ్లు ఇదే పని చేశాను హినెక్. పరీక్షించడమే నా పని.”

“నాకు తెలీదా? వాళ్లకి తెలియాల్సిన పనేముంది? నీ మీదకి రాకుండా చూశాను కదా.”

నిజం చెప్పాలంటే, అతని జవాబు చదవగానే ఆమెకు ముందు హాయిగా అనిపించింది. బరువు ఎవరో తీసుకున్నారు, ఇక పాపకి పాలు కాచవచ్చు. ఆ హాయి ఎంతోసేపు లేదు. తర్వాత దాన్ని తలుచుకుంటే అసలు తప్పుకంటే ఎక్కువ సిగ్గేసింది. అత్తగారు ఫోన్ చేసి, “నువ్వేదో నొక్కి పాడుచేస్తే వాడు నెత్తినేసుకున్నాడటగా. మా కడుపున అలాంటి బిడ్డ పుట్టాడు,” అంది. రద్మిలా, “అవునత్తయ్యా,” అంది.

ఆ రాత్రి గడిచి తెల్లవారగానే ఆమె భర్తతో చెప్పింది.

“రేపు యావోర్నా వెళ్తాను. పాడైన ఫైల్లోంచి ఏమైనా లాగగలనేమో చూస్తాను.”

“ఎవరి కోసం? వెనక్కి తీసుకున్నాం, చెప్పుకున్నాం. నకలు పెట్టుకోనివాళ్లకి మనమేం చేస్తాం?” అన్నాడు హినెక్. కాఫీ తాగేలోపు అతని ముఖం మారింది. “ఆగు, వెళ్లు. మంచిదే. నా తరఫున వచ్చానని చెప్పు. ఆవిడతో ఒక ఫోటో తీసి పంపు. ఎన్నికలని కాదు, ఊరికే.”

శనివారం అనెష్కాను అత్తగారింట్లో దింపింది. “శనివారం పూట మగాణ్ణి పస్తుపెట్టి ఎక్కడికమ్మా?” అన్న మాట మెట్లు దిగేదాకా వినిపించింది. బస్సు గంటన్నర. యావోర్నాలో దిగేసరికి, ముందే కబురు అంది ఉండటంతో, మతుల్కోవా గారు పంచాయతీ భవనం ముందే నిలబడి ఉంది. పొట్టి మనిషి, మగవాళ్ల చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు.

“జ్బోరిల్ గారి భార్య మీరేనా? ఆయన ఎంత మంచి మనిషండీ. ఉత్తరం రాయడమే గొప్ప, మిమ్మల్ని కూడా పంపాడు.”

రద్మిలా సంచీ సర్దుకుని ఆవిడ వెంట నడిచింది. దారిలో ఎదురైనవాళ్లు, “కైఫియతమ్మ గారూ, కంప్యూటర్ డాక్టరొచ్చిందా?” అని పలకరిస్తున్నారు. “వచ్చింది, మందు తెచ్చిందో లేదో ఇంకా తెలీదు,” అంటోంది ఆవిడ.

ఇంట్లో గుమ్మం దగ్గర రద్మిలా బూట్లు విప్పి, ఆవిడ ఇచ్చిన చెప్పులు వేసుకుంది. మతుల్కోవా గారు గసగసాల రొట్టెలు పెట్టింది, కాఫీ పెట్టింది. రద్మిలా రొట్టె ముట్టుకోకుండా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. పాడైన ఫైలు మీద ఇంక ఏమీ రాయకుండా ముందు నకలు తీసింది. దాని పొరలు విప్పి, చెరిగిన చోట మిగిలిన తునకల కోసం వెతకసాగింది. మూడు గంటలు పట్టింది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని అల్లిక చేసుకుంటూ, దొరికిన ప్రతి తునకనూ చదివి ఎవరి మాటో చెప్పింది. “ఇది పాలడిపో గురించి. ఇది వరదొచ్చిన ఏడాది. ఇది మా పక్కింటావిడ అబద్ధం, ఉంచండి, అదీ ఊరి చరిత్రే.”

మూడో వంతు దాకా తిరిగి వచ్చింది. ఆ తర్వాత మతుల్కోవా గారు అల్లిక పక్కన పెట్టింది.

“ఒక బడి ఫోటో ఉంటుంది, చూడండి. వెయ్యిన్నీ తొమ్మిదివందల నలభై ఆరు.”

ఫోటో తెరుచుకుంది. బడి మెట్ల మీద మూడు వరసల్లో ముప్పై ఒక్కమంది పిల్లలు. కొందరి కాళ్లకు బూట్లు లేవు.

“మర కుబీచెక్ అని, ఊళ్లో పిండిమర నడిపినవాళ్లలో ఆఖరివాడు. ముందు వరసలో చెవులు బయటికొచ్చిన పిల్లాడు ఆయనే. ఈ ముప్పై ఒక్కమంది పేర్లూ ఆయనకు గుర్తు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని చెప్పించుకున్నాను. ఒకరి పేరు చెప్పి ఏడ్చేవాడు, ఒకరి పేరు చెప్పి నవ్వేవాడు. ఫిబ్రవరిలో పోయాడు.”

రద్మిలా వెతికింది. మళ్లీ వెతికింది. తొమ్మిది పేర్లు దొరికాయి. ఇంకో గంట వెతికినా పదో పేరు రాలేదు. ఇరవై రెండు ముఖాలు తెర మీద నుంచి ఆమెకేసి చూస్తున్నాయి.

“మీకు కొన్నయినా గుర్తుండవా అమ్మా?” అంది.

“నాలుగైదు గుర్తున్నాయి. కాని నమ్మకంగా చెప్పలేను. నమ్మకంగా చెప్పలేనిది రాయను. ఏడాది చివర కైఫియతు కింద నా పేరు రాసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే, వందేళ్ల తర్వాత చదివేవాడికి ఎవరిని తిట్టాలో తెలియాలి కదా. అందుకే సంతకం.” ఆవిడ రొట్టెల పళ్లెం ముందుకు జరిపింది. “తినండి. మీరేం చేస్తారు, ఆయనేం చేస్తాడు. ఒక్కోసారి అలా జరుగుతుంది. కోపం లేదని మీ ఆయనకు చెప్పండి.”

రద్మిలా పళ్లెం వైపు చూడలేకపోయింది.

“ఆయన చేయలేదమ్మా. ఆ ప్యాకేజీ కట్టింది నేను. అంకె తప్పు చూసింది నేను.”

మతుల్కోవా గారు కళ్లద్దాలు పెట్టుకుంది. “ఆయన పేరుందే.”

“పేరు ఆయనది. కట్టేది నేను.”

ఇలాంటి సంగతి తనకు కొత్త కాదన్నట్టు ఆవిడ తల ఊపింది. తర్వాత గుర్తొచ్చినట్టు తలెత్తింది. “మరి పరీక్షించింది? రద్మిలా అని ఉంది, తన భార్యేనని గురువారం ఆయనే రాశాడు. పాత ఫైలు తెరిచి చూశానని రాశారు. అదీ మీరేనా?”

“అదీ నేనే.”

“చూశారా?”

“లేదు.”

రద్మిలాకు చెప్పాలనిపించిన మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. ఆదివారం, కుడుములు, తలుపు కొట్టిన అత్తగారు, వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్. వాటిలో ఒకటి పైకే వచ్చేసింది. “భోజనాల వేళమ్మా. పులుసు పొయ్యి మీద ఉంది.”

“నలభై ఏళ్లు బడీ నడిపాను, ఆదివారాలూ వండాను,” అంది మతుల్కోవా గారు. గొంతు పెంచలేదు. “అది సాకు కాదని నాకు తెలుసు. దానివల్ల ఈ పిల్లలకి పేర్లు రావనీ తెలుసు. రెండూ నిజమే, ఏం చెయ్యమంటారు?” ఆవిడ ఫోటోలోని పిల్లల వైపు తిరిగింది. “అయితే గురువారం నాకు జవాబు రాసింది ఎవరు? మీరా, ఆయనా?”

“ఆయన.”

“అయితే నాకింకా జవాబు రాలేదన్నమాట.”

బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ తొమ్మిది పేర్లను ముఖాలకు జతచేశారు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. పరవాలేదని అనలేదు. అననందుకు రద్మిలా లోలోపల ఆవిడకు దణ్ణం పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. హినెక్ సోఫాలో పాదాలు పైకి పెట్టుకుని ఉన్నాడు. “ఫోటో పంపలేదేం?” అన్నాడు. ఆమె కోటు విప్పకుండా అతని బల్ల దగ్గరికి వెళ్లి, వెనక్కి వాలే కుర్చీలో కూర్చుని, లిప్కా ఉత్తరాల పేజీ తెరిచింది. పంపేవారి పేరు దగ్గర ఎప్పటిలాగే హినెక్ జ్బోరిల్ అని దానంతటదే వచ్చింది. దాన్ని చెరిపింది.

హినెక్ లేచి వచ్చి భుజం మీదుగా చూశాడు. రెండు వాక్యాలు చదివేసరికి అతనికి అర్థమైంది.

“రద్కా, పిచ్చా? ఎల్లుండి ఓట్లు.”

“తెలుసు.”

“ఒక్క వారం ఆగు. అయిపోయాక నేనే చెప్తాను, ఒట్టు.”

“నువ్వు చెప్పడం గురువారమే అయిపోయింది.”

“ఆవిడేమంది? కేసు పెడతానందా?”

“రొట్టెలు పెట్టింది.”

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు. “విను. ఒకరి సంతకం ఇంకొకరు వాడితే ఇద్దర్నీ తీసేస్తారు. మండలి సంగతి వదిలెయ్. నేను పోతే పోయాను. నువ్వు కట్టినవన్నీ ఎవరి చేతుల్లోనో పడతాయి. ఆరేళ్లు నువ్వు కట్టినవి.”

రద్మిలా టైపు చేయడం ఆపి వెనక్కి తిరిగింది. ఆరేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. నువ్వు కట్టినవి. ఏ పండగ పూటో, ఏ సభలోనో వింటే కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇవాళ ఆమెను ఆపడానికి పనికొస్తుందని దాన్ని బయటికి తీశాడు. ఇంతకాలం అతనికి తెలియక కాదన్నమాట. ఈ సంగతికి కోపం రావలసింది. కాని ఆమెకు ఆ సోఫా మీద, ఆ బల్ల మీద, అతని చేతి మీద అంతటా ఇరవై రెండు ముఖాలే కనిపిస్తున్నాయి.

“అమ్మకేం చెప్తాం?” అన్నాడు, గొంతు తగ్గించి.

“నువ్వు మంచివాడివనే చెప్పు. ఆ మాటలో తప్పేం లేదు.”

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. పెద్దగా రాయడానికి ఏమీ లేదు.

“ద్రహొస్లావా మతుల్కోవా గారికీ, మిగతా అందరికీ. ఆదివారం త్రుహ్లా 4.7.3ని స్టేబుల్‌లో పెట్టింది నేను, నా భర్త సంతకంతో. పాత ఫైలు తెరిచి చూశానని రాసింది కూడా నేనే. తెరవలేదు. మతుల్కోవా గారు ఏ తప్పూ నొక్కలేదు. నా భర్త నన్ను తొందరపెట్టలేదు, అతను ఆ సమయంలో టీవీ చూస్తున్నాడు. తీసుకోవలసిన చర్య నా మీద తీసుకోండి. యావోర్నా బడి ఫోటోలో ఇరవై రెండుమంది పేర్లు ఇంకా తెలియవు. ఆ చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు ఎవరికైనా గుర్తుంటే నాకు రాయండి, ఏ ఊరికైనా వచ్చి రాసుకుంటాను. రద్మిలా జ్బోరిలోవా.”

ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, పంపేసింది. మిగతా ప్యాకేజీల గురించి అందులో ఒక్క మాటా లేదు. ఆరేళ్ల పనిలో తన పేరు మీద రాయమని ఆమె అడిగింది ఆ తప్పొక్కటే.